సిస్టర్ జయమేరీ అష్టాచెమ్మా

కోవిడ్ వార్డులు మూసేసిన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదలవుతుండగా, నన్ను నరసరావుపేట పరిసరాల్లోని ఒక ఆసుపత్రికి డిప్యూటీ సూపరింటెండెంటుగా వేశారు. అప్పటికి నా పదవీ విరమణకు రెండేళ్ళ లోపే ఉంది. ఆసుపత్రి పేరు రాయడం లేదు. అక్కడ పని చేసినవాళ్ళకు అది చెప్పనక్కర్లేదు, మిగిలినవాళ్ళకు దానితో పని లేదు. నేను జనరల్ సర్జన్ని. ఆపరేషన్లతో పాటు నాకు అప్పగించిన రెండో బాధ్యత శిక్షణ. ఒక వైద్య కళాశాల నుంచి మా దగ్గరికి హౌస్‌సర్జన్లు వచ్చేవారు. హౌస్‌సర్జన్ అంటే ఎంబీబీఎస్ చివరి పరీక్ష ప్యాసై, సొంతంగా వైద్యం చేసే హక్కు రావడానికి ముందు ఏడాదిపాటు సీనియర్ల కింద పని చేసే డాక్టరు. వాళ్ళతో పాటు నర్సింగ్ విద్యార్థినులూ ఉండేవారు. శనివారం మధ్యాహ్నం ఓపీ అయిపోయాక వీళ్ళందరికీ ఒక గంట క్లాసు తీసుకోవాలి.

ఆ ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం శావల్యాపురం వైపు నుంచి కోటేశ్వరమ్మ అనే మనిషిని ఆటోలో తెచ్చారు. వయసు యాభైకి కాస్త ఇటు. మిరప కల్లంలో తాలు కాయలు ఏరుతూ కూర్చున్నచోటే ఒరిగిపోయిందని వెంట వచ్చిన ఆడవాళ్ళు చెప్పారు. కోసిన మిరపకాయలు ఎండబెట్టే బయలును అక్కడ కల్లం అంటారు. రంగు చెడిన కాయలను ఏరి పక్కన పెట్టే పని ఆడకూలీలది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడ లేని చోట కూర్చుని చేయాలి. ఆమె నాలుక పిడచ కట్టుకుపోయింది. బీపీ బాగా పడిపోయింది. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి ఉంది, అంటే మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైంది. సెలైన్లు పెట్టి, మూత్రం ఎంత వస్తోందో కొలవడానికి గొట్టం వేశాం. మొదటి ఆరు గంటల్లో సంచిలోకి వచ్చింది అడుగు తడిపేంత మాత్రమే. డయాలసిస్‌కు పంపాల్సి వస్తుందేమోనని నేను పై ఆసుపత్రికి ఫోను కూడా చేసి పెట్టుకున్నాను. మర్నాటి ఉదయానికి మూత్రం బాగా రావడంతో ఆ అవసరం తప్పింది.

వడదెబ్బ కేసులు మాకు కొత్త కాదు. మూడో రోజు గొట్టం తీసేసి, ఇంకో రెండు రోజుల్లో ఇంటికి పంపిద్దామనుకున్నాం. నేనైతే ఆ కేసును అక్కడితో వదిలేసేవాణ్ణి. వదలనిది హెడ్ నర్సు జయమేరీ.

జయమేరీది రెంటచింతల. ఇరవై ఏళ్ళకు పైబడిన సర్వీసు. మాట తక్కువ, గొంతు మెత్తన. ఆమె వార్డులో ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. రోగి ఒంట్లోకి ఎంత నీరు పోయింది, ఎంత బయటికి వచ్చింది అని గంటగంటకూ రాసే కాగితం అది. చాలా వార్డుల్లో దాన్ని డ్యూటీ దిగే ముందు అంచనా మీద నింపేస్తారు. జయమేరీ కొలిచి రాసేది. నాలుగో రోజు రౌండ్స్‌లో ఆ చార్టు నా చేతికిచ్చి ఇలా అంది:

"సార్, గొట్టం తీసేసినకాడ్నించి ఈమె నోటితో తాగింది చూడండి. రెండు గ్లాసులు కూడా లేవు. మాది రెంటచింతల. మా ఊరి ఎండలకి నీళ్ళు వద్దన్న మనిషిని నేను చూళ్ళేదు. ఈమె మజ్జిగిస్తే కూడా వద్దంటంది."

డోకు వస్తోందేమో కనుక్కోమన్నాను. కనుక్కున్నానని, డోకు లేదని చెప్పింది. ఒక పూట వ్యవధి అడిగింది.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ, వార్డు సద్దుమణిగాక, జయమేరీ కోటేశ్వరమ్మ మంచం చుట్టూ తెర లాగి పక్కన కూర్చుంది. ఆ తర్వాత ఆమె నాకు చెప్పిన మాటలు దాదాపు ఉన్నవున్నట్టు రాస్తున్నాను. నీళ్ళెందుకు తాగవు అని నేరుగా అడగలేదట. "అక్కా, దగ్గితే చీర తడుస్తందా?" అని అడిగిందట. కోటేశ్వరమ్మ గోడ వైపు తిరిగి, ఒక్కసారిగా మొత్తం చెప్పింది.

"దగ్గితే తడిసిపోద్ది, తుమ్మితే తడిసిపోద్ది, మూట ఎత్తితే తడిసిపోద్ది. కల్లంలో పది మంది మధ్యన కూసుంటాను. లేస్తే ఎనక తడి కనపడుద్ది. అందుకని పొద్దున ఇంటికాడ టీ తాగి, మళ్ళీ ఇంటికొచ్చేదాకా నోట్లో నీళ్ళు పొయ్యను."

ఎప్పటినుంచి అని జయమేరీ అడిగితే, "మా చిన్నోడు పుట్టినకాడ్నించి" అందట. ఆ చిన్నోడు ఇప్పుడు లారీ నడుపుతున్నాడు.

జయమేరీ అక్కడితో ఆగలేదు. ఆమె దిండు కింద ఉన్న పాత ఓపీ చీటీలు తీయించింది. మార్చిలో రెండుసార్లు మా ఆసుపత్రికే వచ్చింది. మొదటిసారి తొడలు ఒరుసుకుపోయి మంటగా ఉందని వస్తే పూత మందు రాశారు. రెండోసారి మూత్రంలో మంట అంటే ఇన్‌ఫెక్షన్ అని మాత్రలు రాశారు. రెండు చీటీలూ రాసింది డాక్టర్ హారిక, ఆ బ్యాచ్ హౌస్‌సర్జన్లలో అందరికంటే చురుకైన అమ్మాయి. రెండో చీటీ కింద సీనియర్ సంతకం నాది.

హారికను పిలిపించాను. చీటీలు చూడగానే గుర్తుపట్టింది. తాను అడిగానని గట్టిగా చెప్పింది. యూరిన్ సరిగా అవుతోందా అని అడిగానని, సరిగానే అవుతోందని ఆమె చెప్పిందని అంది. అబద్ధమాడే పిల్ల కాదు, అడిగే ఉంటుంది. అయితే ఆ ప్రశ్నకు కోటేశ్వరమ్మ ఇంకేం జవాబు చెప్పగలదు? అవడంలో ఆమెకు ఇబ్బంది లేదు, ఆగడంలోనే ఉంది. ఆ మాట జయమేరీ మెల్లగా అనేసరికి హారిక ముఖం పాలిపోయింది. ఆమెను మందలించే అర్హత నాకూ లేదు. ఆ చీటీ మీద సంతకం పెట్టినప్పుడు నేను రోగిని కన్నెత్తి చూసిన గుర్తు కూడా లేదు.

వచ్చే శనివారం మూత్రం ఆపుకోలేకపోవడం గురించి క్లాసు చెబుతానని, స్లైడ్లు సిద్ధం చేసుకుంటానని అన్నాను. జయమేరీ పాత చీటీలు మడిచి పక్కన పెట్టింది. తర్వాత అంది:

"పాఠం వాళ్ళకి వచ్చు సార్. పరీక్షల్లో రాసే వచ్చారు. వాళ్ళకి రానిది అడగటం. అది స్లైడుతో వచ్చేది కాదు. నాకో రెండు వారాలివ్వండి."

రెండు వారాల తర్వాత శనివారం క్లాసు గదిలోకి వెళ్ళేసరికి బల్లలన్నీ గోడకు జరిపి ఉన్నాయి. నేల మీద పాత వార్డు దుప్పటి ఒకటి పరిచి ఉంది. దాని మీద మార్కరు పెన్నుతో ఐదు అడ్డం, ఐదు నిలువు, ఇరవై అయిదు గళ్ళ అష్టాచెమ్మా పటం గీసింది. పక్కన నాలుగు గవ్వలు. పావుల బదులు ఇంజెక్షన్ సీసాల మీద ఉండే రంగు మూతలు. హౌస్‌సర్జన్లు చెప్పులు విప్పి చుట్టూ కూర్చోవాలా వద్దా అని ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఇబ్బందిగానే అనిపించింది. కళాశాల నుంచి ఎవరైనా తనిఖీకి వస్తే ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకున్నాను.

ఆట తెలియనివారి కోసం ఒక మాట. అష్టాచెమ్మాలో గవ్వలు వేసి, పడిన పందెం ప్రకారం పావును గళ్ళ చుట్టూ నడిపి, నడిమి గడికి చేర్చాలి. చేరితే పండినట్టు. కొన్ని గళ్ళకు గీట్లు ఉంటాయి. వాటిలో ఉన్న పావును ఎవరూ చంపలేరు. జయమేరీ ఆ పటాన్ని ఒక మనిషి రోజుగా మార్చింది. ఒక గడి కల్లం, ఒకటి బస్సు, ఒకటి చర్చి, ఒకటి తిరనాళ్ళు, ఒకటి పెళ్ళి పందిరి. గీట్ల గళ్ళు మరుగుదొడ్డి ఉన్న చోట్లు. మొత్తం పటంలో అలాంటివి ఐదే, అందులో ఒకటి బస్టాండుది. అక్కడ ఆగితే వరుసలో నిలబడ్డందుకు ఒక పందెం పోతుంది.

ఆడేవాళ్ళలో ఒకరు రోగి. ఆ మనిషి ఎవరో, సమస్య ఏమిటో రాసిన చీటీ వాళ్ళ ఒక్కరికే తెలుస్తుంది. పావులు అందరూ నడుపుతారు. రోగి పావు ఏ గడిలో పడితే అక్కడ ఏదో జరుగుతుంది. దగ్గు వస్తుంది, బస్సు గతుకులో ఎగురుతుంది, ఇంటి తాళం తీస్తుండగా లోపల పంపు చప్పుడు వినిపిస్తుంది. రోగి తడిసింది అనో తడవలేదు అనో చెప్పాలి. మిగిలినవాళ్ళు గడికొక ప్రశ్న చొప్పున అడిగి, అది ఏ రకమో, మొదట ఏం చేయాలో తేల్చాలి. దగ్గినా బరువెత్తినా కొద్దిగా కారడం ఒక రకం. దానికి మొదటి వైద్యం మూత్రాన్ని పట్టి ఉంచే కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం. ఉన్నట్టుండి ఆగలేనంత వేగం వచ్చి, దొడ్డి చేరేలోపే అయిపోవడం ఇంకో రకం. అందులో గడియారం చూసుకుంటూ కొంచెం కొంచెంగా ఆపడం అలవాటు చేస్తారు. ఒంట్లో మూత్రం నిలిచే సంచి ఖాళీ కాక నిండిపోయి పొర్లడం మరొకటి. నాలుగో రకంలో సంచికి ఏ లోపమూ ఉండదు, మోకాళ్ళ నొప్పితో సమయానికి లేవలేరు, అంతే.

రెండే నిషేధాలు. ఇంగ్లీషు పేరు వాడకూడదు. "సరిగ్గా అవుతోందా" అని అడగకూడదు. అడిగితే రోగి "అవుతోంది" అనే చెప్పాలి, అడిగినవాళ్ళ పావు మొదటి గడికి పోతుంది.

మొదటి పావుగంటలో దాదాపు అందరూ మొదటి గడికి పోయారు. ఇంగ్లీషు మాట రాకుండా ఈ విషయం గురించి ఒక వాక్యం కూడా అడగలేకపోతున్నామని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఒక్కొక్కరే మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. "బస్సెక్కే ముందు దొడ్డికి పోయి ఎక్కుతావా?" "పెళ్ళికి పోతే ఎక్కడ కూసుంటావు, చివర్లోనా?" "లోపల గుడ్డ పెట్టుకుంటన్నావా?" ఇవన్నీ జబ్బును పట్టిచ్చే ప్రశ్నలే. నేను చదివిన పుస్తకాల్లో వీటికి పెద్ద పేర్లున్నాయి. నా ఓపీలో వీటిలో ఏదీ నేను అడిగి ఎరగను.

మూడో శనివారం నన్నూ కూర్చోబెట్టారు. హారిక చేతిలో చీటీ ఉంది. అరవై దాటిన రైతు, చుక్కలు చుక్కలుగా కారుతోంది, ధార సన్నం, పొత్తికడుపు బరువు. నాకు మూడు ప్రశ్నలు చాలనిపించింది. మూత్రనాళం చుట్టూ ఉండే ప్రోస్టేట్ గ్రంథి వాచిందని, ఆపరేషన్ గురించి ఆలోచించాలని చెప్పేశాను. హారిక తల అడ్డంగా ఊపింది. నా పక్కన నాదెండ్ల నుంచి వచ్చే నర్సింగ్ విద్యార్థిని ఒకమ్మాయి ఉంది. "తాతా, ఈ మధ్య కొత్తగా మాత్రలేమైనా వేసుకున్నావా?" అని అడిగింది. వేసుకున్నాడు. జలుబుకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు రెండు వారాలుగా మింగుతున్నాడు. కొంచెం వాపున్న ప్రోస్టేట్ మీద ఆ మాత్రలు పడి సంచి ఖాళీ కావడం మానేసింది. నిండిన సంచిని గొట్టంతో ఖాళీ చేసి, ఆ మాత్రలు ఆపడం ముందు చేయాల్సిన పని. కత్తి ప్రస్తావన ఆ తర్వాతి సంగతి. తప్పు తేల్చినందుకు నా ఆకుపచ్చ మూతను జయమేరీ తన చేత్తో తీసి మొదటి గడిలో పెట్టింది. గదిలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రావడానికి కాస్త సమయం పట్టింది.

ఆ చీటీ ఎక్కడిదని తర్వాత అడిగాను. మా మేల్ వార్డులో కిందటేడాది ఉన్న మనిషేనని, నేను రాకముందు జరిగిందని చెప్పింది. చీటీలన్నీ అలాంటివే. ఊరు, పేరు మార్చి, తన సర్వీసులో చూసినవాళ్ళనే రాసింది. డ్యూటీ దిగాక ఇంటికి పోయి, ఎవరూ చెప్పకుండా, రెండు వారాలు కూర్చుని రాసింది. ప్రొఫెసర్లు తయారుచేసిన శిక్షణ పుస్తకాలు ఎన్నో చూశాను గానీ అంత పొందికైన సరుకు చూడలేదు. ఆ మాట ఆమెతో అంటే, "నావి కావు సార్, వాళ్ళు చెప్పినయ్యే గదా" అంది.

జూన్‌లో కోటేశ్వరమ్మ తిరిగి చూపించుకోవడానికి వచ్చింది. వ్యాయామం క్రమం తప్పకుండా చేస్తోంది. దగ్గినప్పుడు తడవడం తగ్గింది, మూట ఎత్తినప్పుడు ఇంకా ఉంది. అది శనివారం. క్లాసుకు వస్తావా అని జయమేరీ ఆమెను అడిగింది. ఇష్టం లేకపోతే వద్దని, అక్కడ నీ సంగతి ఎవరూ ఎత్తరని కూడా చెప్పింది. ఆమె వచ్చింది. దుప్పటి చూడగానే, "ఇదేంది, మా ఆట ఆస్పత్రికి వచ్చింది" అంటూ కొంగు దోపుకుని కూర్చుంది.

గవ్వలు వేయడంలో ఆమె ముందు మా డాక్టర్లు ఎవరూ నిలవలేదు. ఒక ఆట అయ్యాక హారిక ఉన్నట్టుండి, అందరి ముందే అంది:

"పెద్దమ్మా, మీరు మార్చిలో రెండుసార్లు నా దగ్గరికే వచ్చారు. నేను సరిగ్గా అడగలేదు. అడిగుంటే మీరు కల్లంలో పడిపోయేవాళ్ళు కాదు."

కోటేశ్వరమ్మ గవ్వలు ఆమె ముందుకు తోసింది.

"అడిగావమ్మా. సరిగ్గా అవుతందా అన్నావు. అవుతందన్నాను. నువ్వూ తప్పడగలా, నేనూ అబద్ధం చెప్పలా. ఏడుస్తావెందుకు, గవ్వలు నీయ్యి."

హారిక కళ్ళు తుడుచుకుని గవ్వలు వేసింది. రెండో ఆట సగంలో ఉండగా కోటేశ్వరమ్మ చెయ్యి ఆపి, పటం అంతా ఒకసారి కలియజూసింది.

"ఇందులో మంచినీళ్ళెక్కడ తాగుతారు?" అని అడిగింది.

మేమూ పటం వంక చూశాం.

"మీ మనిషి పొద్దున బయల్దేరి కల్లానికి పోయింది, బస్సెక్కింది, పెళ్ళికి పోయింది. గుక్కెడు నీళ్ళు తాగలా. తాగకపోతే తడవదు గదా. అందుకే మీ ఆటలో అందరూ చానా బాగా నడుస్తన్నారు, ఎవురూ పడిపోటంలా."

అక్కడ ముగ్గురు హౌస్‌సర్జన్లు, ఎనిమిది మంది నర్సింగ్ విద్యార్థినులు, ముప్పై ఏళ్ళకు పైగా అనుభవమున్న ఒక సర్జను ఉన్నాం. కోటేశ్వరమ్మను ఆసుపత్రికి చేర్చిన కారణమే మేం ఆడుతున్న ఆటలో లేదన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. జయమేరీ ఏమీ నొచ్చుకోలేదు. మార్కరు తీసుకుని ఆమె పక్కకు జరిగి, "ఎట్టా పెడదాం అక్కా, నువ్వే చెప్పు" అంది. ఇద్దరూ దుప్పటి మీదకు వంగి మాట్లాడుకున్నారు. ఆ పూట పుట్టిన నియమం ఇది: ప్రతి పందేనికి ముందు రోగి నీళ్ళు తాగుతుందో మానుతుందో తన చీటీ మీద గుట్టుగా గుర్తు పెట్టుకోవాలి. తాగితే తడిసే గళ్ళు ఎక్కువవుతాయి. మానితే తడవదు, కానీ వరుసగా మూడుసార్లు మానితే రోగి పావు ఆట నుంచే పోతుంది. మిగిలినవాళ్ళు, నీళ్ళు ఎందుకు మానేశావని అడగకుండా, ఆ సంగతి తామే పసిగట్టాలి.

ఆ నియమం వచ్చాక ఆట కష్టమైంది, నిజమూ అయింది. ఇది తడవని మనుషులను చూసి మోసపోకూడదని పిల్లలకు నేర్పింది. ఓపీలో కూడా తేడా కనిపించింది. హారిక తన చీటీల మీద ఒక మూల, "రోజుకు ఎన్ని నీళ్ళు? ఎందుకని?" అని రాసుకోవడం మొదలుపెట్టింది. నెల తిరగకముందే మిగిలినవాళ్ళూ అదే రాస్తున్నారు. నడుము నొప్పి అనో, తొడల్లో దురద అనో వచ్చిన ఆడవాళ్ళలో కొందరు అసలు సంగతి చెప్పడం మొదలుపెట్టారు. మగవాళ్ళకు ఎక్కువ సమయం పట్టింది, అయినా వాళ్ళూ చెప్పారు. షుగరు జబ్బుతో సంచి పట్టు తప్పిన ఒక రిటైర్డ్ టీచరు, అడిగినవాళ్ళు మీరే మొదలని ఒక హౌస్‌సర్జన్ చేతులు పట్టుకున్నాడు.

కోటేశ్వరమ్మకు పూర్తిగా నయం కాలేదు. కాన్పుల్లో సడలిన కండరాలు ఇన్నేళ్ళ తర్వాత వ్యాయామంతో కొంతవరకే తిరిగి వస్తాయి. ఆపరేషన్ ఉందని చెప్పాను. "ఇప్పటికిది చాలు" అంది, ఆ నిర్ణయం ఆమెదే. తర్వాతి సీజనులో నీళ్ళ సీసాతో కల్లానికి పోతోందని, ఆడవాళ్ళంతా కలిసి పని చేయించే మేస్త్రిని అడిగి, నాలుగు వాసాలు పాతించి గోనెపట్టాలతో మరుగు కట్టించుకున్నారని జయమేరీ చెప్పింది. హారిక పీజీకి ఎంపికై వెళ్ళింది. నా విరమణకు కొద్ది నెలల ముందు జయమేరీకి మాచర్ల వైపు బదిలీ అయింది. దుప్పటి తీసుకుపొమ్మన్నాను. ఇంకొకటి గీసుకుంటానని, ఇది పిల్లలకు ఉండనివ్వమని చెప్పి వెళ్ళింది.

ఈ ఉదంతం వల్ల నేను తెలుసుకున్నది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. రోగి తెలివిగా తన జబ్బును దాచుకోగలిగినప్పుడు, ఆ దాచుకోవడానికి చెల్లించే మూల్యమే మనకు కొత్త జబ్బులా కనిపిస్తుంది. వడదెబ్బ అని మేం వైద్యం చేసింది దానికే. రెండోది కేస్ షీటుకు సంబంధించినది. "ఇతర బాధలు లేవు" అని రాసే ముందు, లేవని రోగి చెప్పిందా, లేక మనం అడగలేదా అన్నది తేల్చుకోవాలి. నా సర్వీసంతా, రోగి లేవన్నప్పుడూ నేను అడగనప్పుడూ, ఒకే వాక్యం రాశాను.